గేర్‌బాక్సా, ట్రాన్స్‌ఫర్ కేసా? జిప్సీ మీద డబ్బు పెట్టే ముందు ఈ లెక్క చూడండి

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల చేస్తున్నాను. పాడేరు వైపు నుంచి ఒక తమ్ముడు రాశాడు. తన దగ్గర పాత మారుతీ జిప్సీ కింగ్ ఉంది. గ్రౌండ్ క్లియరెన్స్ కోసం 31 అంగుళాల టైర్లు వేయించాడు. తోట నుంచి కాఫీ బస్తాలు దించేది ఆ బండే, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే కిందకి తీసుకొచ్చేదీ ఆ బండే. ఏడాదిలో రెండు క్లచ్ ప్లేట్లు కాలిపోయాయి. ఇప్పుడు చేతిలో 80 వేలు ఉన్నాయి. ఒక మెకానిక్ "వేరే బండి గేర్‌బాక్స్ ఎక్కించేద్దాం" అంటున్నాడు. ఇంకొకాయన "ట్రాన్స్‌ఫర్ కేస్‌లో లో గేర్ కిట్ వేస్తే చాలు" అంటున్నాడు. ఇంట్లో మాత్రం "అమ్మేయ్, పీడా పోతుంది" అంటున్నారు. "అన్నా, ఏం చేయమంటారు?" అని అడిగాడు.

ఇది ఆ ఒక్కడి ప్రశ్న కాదు. జిప్సీ, పాత జీపు, థార్, ఏదైనా కానీ, ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉన్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడికే వస్తాడు. అందుకే ఏది కొనాలో చెప్పే ముందు ఎలా తేల్చుకోవాలో చెప్తాను. లెక్క మీ చేతిలో ఉంటే షెడ్డులో ఎవరు ఏం చెప్పినా మీరు తడబడరు.

ముందు ఏది ఏం పని చేస్తుందో చూద్దాం. ఇంజిన్ నుంచి వచ్చే తిప్పుడు బలం, అంటే టార్క్, ముందు గేర్‌బాక్స్‌లోకి వెళ్తుంది. అక్కడి నుంచి ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి వెళ్తుంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌కి రెండు పనులు. ఒకటి, ఆ బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచడం. రెండోది, లో రేంజ్ లివర్ వేస్తే అన్ని గేర్లనీ ఒకేసారి ఇంకా కిందికి దించడం. అక్కడి నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ల మీదుగా యాక్సిల్‌లోకి. యాక్సిల్‌లో క్రౌన్-పినియన్ ఇంకోసారి తగ్గిస్తుంది. అంటే మూడు చోట్ల స్పీడ్ తగ్గుతుంది, అదే మూడు చోట్ల బలం పెరుగుతుంది.

ఈ మూడు నంబర్లని గుణిస్తే వచ్చేదే క్రాల్ రేషియో. ఫస్ట్ గేర్ ఇంటూ లో రేంజ్ ఇంటూ ఫైనల్ డ్రైవ్. అంతే, ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి.

మన జిప్సీకి అమెరికాలో సమురాయ్ అనే చుట్టం ఉంది. రెండూ సుజుకీ ఎస్‌జే కుటుంబమే. సమురాయ్ నంబర్లతో చేద్దాం. ఫస్ట్ గేర్ 3.652. ట్రాన్స్‌ఫర్ కేస్ లో రేంజ్ 2.268. ఫైనల్ డ్రైవ్ 3.727. మూడూ గుణిస్తే దాదాపు 31. అంటే ఇంజిన్ 31 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. మీ బండి ఫైనల్ డ్రైవ్ నంబర్ మీ మాన్యువల్‌లో చూసి అదే వేసుకోండి, మిగతా లెక్క ఇదే పద్ధతి.

31 మంచిదా, చెడ్డదా? పోలిక చూడండి. జీప్ రాంగ్లర్ రుబికాన్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌లో ఫస్ట్ గేర్ 4.71, లో రేంజ్ 4, ఫైనల్ డ్రైవ్ 4.10. గుణిస్తే 77. కంపెనీ నుంచే అలా వస్తుంది. మామూలు రాంగ్లర్‌లో లో రేంజ్ 2.72 ఉంటుంది. అంటే రుబికాన్ రాళ్ళ మీద అంత నెమ్మదిగా పాకడానికి పెద్ద కారణం గేర్‌బాక్స్ కాదు, ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఉన్న ఆ 4. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు తమ్ముడి క్లచ్ ఎందుకు కాలిందో చూద్దాం. జిప్సీకి కంపెనీ ఇచ్చే 205/70 ఆర్15 టైర్ ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. 31 అంగుళాల టైర్ అంటే 787. దాదాపు 18 శాతం పెద్దది. చక్రం ఒక్కసారి తిరిగితే బండి 18 శాతం ఎక్కువ దూరం పోతుంది. అంటే ఇంజిన్‌కి ప్రతి గేరూ 18 శాతం బరువెక్కినట్టే. మన 31 క్రాల్ రేషియో ఇప్పుడు 26 లాగా పనిచేస్తుంది. టైర్ వేయించినప్పుడు క్లియరెన్స్ కనిపిస్తుంది, ఈ నష్టం మాత్రం కనిపించదు.

దానికి తోడు జిప్సీ ఇంజిన్ 1.3 లీటర్ పెట్రోల్. ఎంపీఎఫ్ఐ మోడల్‌కి 103 న్యూటన్ మీటర్ల టార్క్, అది కూడా 4500 ఆర్‌పీఎమ్ దగ్గర వస్తుంది. డీజిల్ జీపులా కింద నుంచి లాగే ఇంజిన్ కాదు. సరే, ఐడిలింగ్ 800 ఆర్‌పీఎమ్ అనుకుందాం. పాత టైర్‌తో ఫస్ట్ గేర్ లో రేంజ్‌లో బండి గంటకి 3.3 కిలోమీటర్లు పోతుంది. 31 అంగుళాల టైర్‌తో 3.8. మనిషి నడక కంటే కొంచెం తక్కువ. చదును నేల మీద ఇది బాగానే ఉంటుంది. కానీ ముందు ఒక రాయి, వెనక ఆరు బస్తాలు, మీద ఏటవాలు ఎక్కుడు. అంత స్పీడ్‌లో రాయి ఎక్కితే ఎగిరి పడతాం. అందుకని ఏం చేస్తాం? ఆక్సిలరేటర్ రేజ్ చేసి, క్లచ్ సగం నొక్కి, బండిని పట్టి పట్టి వదులుతాం. అదే క్లచ్ ప్లేట్ వాసన. తమ్ముడి డ్రైవింగ్‌లో తప్పేం లేదు. గేర్ చేయాల్సిన పని క్లచ్ చేత చేయిస్తున్నాడు, అందుకే కాలిపోతోంది. మూడో ప్లేట్ వేసినా ఇదే జరుగుతుంది.

సరే, ఇప్పుడు మందు. మూడు దారులు ఉన్నాయి.

మొదటిది గేర్‌బాక్స్ మార్చడం. అమెరికాలో పాత ట్రక్కుల వాళ్ళు ఇది బాగా చేస్తారు. ఎన్‌వీ4500 అనే అయిదు గేర్ల బాక్స్‌లో ఫస్ట్ గేర్ 5.61. జనరల్ మోటర్స్ ట్రక్కుల్లో వచ్చిన ఎస్‌ఎమ్465 నాలుగు గేర్ల బాక్స్‌లో 6.55. వీటి ఫస్ట్ గేర్‌ని వాళ్ళు ముద్దుగా అమ్మమ్మ గేర్ అంటారు. అంత నెమ్మది కాబట్టి. అయితే అవి పోత ఇనుము బాక్సులు, పెద్ద వీ8 ఇంజిన్లకి, పెద్ద ఛాసిస్‌లకి సరిపోతాయి. జిప్సీ లాంటి చిన్న బండిలో అంత ఇనుము పెట్టలేం.

మన దగ్గర "వేరే బండి గేర్‌బాక్స్" అన్నప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: దాని ఫస్ట్ గేర్ ఎంత? అది 3.6 దగ్గరే ఉంటే మీరు బోలెడు డబ్బు పెట్టి మళ్ళీ అక్కడే నిలబడతారు. ఇంకా చాలా ఉంటాయి. బెల్ హౌసింగ్ కలవాలి. ఇన్‌పుట్ షాఫ్ట్ పొడవు, దాని మీద పళ్ళు క్లచ్ ప్లేట్‌కి కుదరాలి. క్రాస్ మెంబర్ మార్చాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయాలి లేదా పొడిగించాలి, తర్వాత బ్యాలెన్స్ చేయించాలి. గేర్ రాడ్ వచ్చే చోట ఫ్లోర్ కోయాలి. వీటిలో ఒక్కటి సరిగ్గా కుదరకపోయినా వైబ్రేషన్, ఆయిల్ లీకు, మళ్ళీ షెడ్డు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అవుతుంది. ఉన్న గేర్‌బాక్స్ నిజంగా పాడైతేనో, ఇంజిన్ కూడా మారుస్తుంటేనో ఈ దారి ఆలోచించండి.

రెండోది ట్రాన్స్‌ఫర్ కేస్. ఇక్కడ జిప్సీకి ఒక అదృష్టం ఉంది. చాలా బండ్లలో ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్స్ వెనకే బోల్ట్‌లతో అతుక్కుని ఉంటుంది. జిప్సీలో విడిగా వేలాడుతుంది. మధ్యలో చిన్న ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒకటి. అంటే గేర్‌బాక్స్‌ని, క్లచ్‌ని ముట్టుకోకుండానే దీన్ని దించొచ్చు. ఆయిల్ తీసేసి, మూడు షాఫ్ట్‌లు విప్పి, మీటర్ కేబుల్, స్విచ్ వైరు, లివర్, మౌంట్లు తీస్తే కిందకి వచ్చేస్తుంది. కేస్ అదే ఉంటుంది, లోపల గేర్లు మారతాయి. ఛాసిస్ మీద ఒక్క కోత కూడా పడదు. అందుకే సమురాయ్ వాళ్ళు ప్రపంచమంతా ముందు ఈ పనే చేస్తారు.

ఈ కిట్లలో ఎక్కువగా వినపడేవి 4.16, 4.89, 6.5. అంటే లో రేంజ్ 2.268 బదులు ఆ నంబర్ వస్తుంది. మళ్ళీ గుణిద్దాం. 4.16 వేస్తే క్రాల్ రేషియో 57. 4.89 వేస్తే 67. 6.5 వేస్తే 88.

ఇక్కడే కుర్రాళ్ళు 6.5 వైపు దూకుతారు. రుబికాన్‌ని మించిపోయాం అని రీల్ పెట్టుకోవచ్చు కదా! ఆగండి. గేర్ తగ్గినంత మాత్రాన బలం గాల్లోంచి రాలేదు, ఆ బలమంతా షాఫ్ట్‌లూ యాక్సిల్‌లూ మోయాలి. 4.16తో యాక్సిల్ మీద పడే టార్క్ పాతదానికి 1.83 రెట్లు. 6.5తో 2.87 రెట్లు. పైగా పెద్ద టైర్. ముందు యాక్సిల్ చివర స్టీరింగ్ తిరిగే చోట ఉండే సీవీ జాయింట్ దీనికి మొదట బలవుతుంది, ముఖ్యంగా స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఆక్సిలరేటర్ తొక్కితే. ట్రాన్స్‌ఫర్ కేస్‌ని పట్టుకునే రబ్బరు మౌంట్లు కూడా మెలిపడి చిరుగుతాయి. అందుకే లో గేర్ కిట్‌తో పాటు గట్టి మౌంట్లు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంకో విషయం. మన నేల ఏంటి? అమెరికాలో రుబికాన్ ట్రైల్, మోయాబ్ లాంటి చోట్ల రోజంతా ఇంత పెద్ద రాళ్ళ మీదే పాకుతారు. మన దగ్గర ఎక్కువ భాగం బురద, నల్లరేగడి, వాగు ఇసుక, మధ్యమధ్యలో రాళ్ళ ఎక్కుడు. బురదలో, ఇసుకలో చక్రం కొంచెం వేగంగా తిరగాలి, ఊపు ఉండాలి. మరీ లో గేర్ అయితే చక్రం మెల్లగా తిరుగుతూ అక్కడే గొయ్యి తవ్వుకుంటుంది.

4.16లో నాకు నచ్చే లెక్క ఒకటుంది. సెకండ్ గేర్ 1.947. దాన్ని 4.16తో, 3.727తో గుణిస్తే 30. అంటే మీ పాత ఫస్ట్ గేర్ ఇప్పుడు సెకండ్‌లో దొరుకుతుంది! పాతది పోలేదు, దాని కింద ఇంకో మెట్టు వచ్చింది. బురదలో సెకండ్, థర్డ్ వాడుకోండి. రాయి దగ్గర ఫస్ట్ వేయండి. 31 అంగుళాల టైర్‌తో కూడా ఐడిలింగ్‌లో గంటకి 2.1 కిలోమీటర్లే. క్లచ్ మీద నుంచి కాలు తీసేసి కూర్చోవచ్చు.

కిట్ కొనేటప్పుడు హై రేంజ్ నంబర్ కూడా అడగండి. జిప్సీ హై రేంజ్ మామూలుగా 1.409. చాలా కిట్లలో అది కూడా కొంచెం కిందికి దిగుతుంది. పెద్ద టైర్ ఉన్నవాళ్ళకి అది లాభమే, రోడ్డు మీద పోయిన లాగుడు కొంత తిరిగి వస్తుంది. చిన్న టైర్ ఉంచుకుని హైవే ఎక్కువ తిరిగేవాళ్ళకి మాత్రం ఇంజిన్ అరుపు పెరుగుతుంది.

మూడో దారి యాక్సిల్‌లో క్రౌన్-పినియన్ మార్చడం. ఇది హై, లో రెండిటినీ ఒకేలా మారుస్తుంది. రోడ్డు మీదే ఎక్కువ తిరుగుతూ పెద్ద టైర్ వల్ల లాగుడు పోయిన వాళ్ళకి ఇది సరైన మందు. కానీ ముందు, వెనక రెండు యాక్సిల్‌లూ కచ్చితంగా ఒకే రేషియోలో ఉండాలి. ఒకటే మార్చి ఫోర్ వీల్ వేస్తే రెండూ ఒకదానితో ఒకటి కొట్టుకుని ఏదో ఒకటి విరుగుతుంది. పైగా క్రౌన్-పినియన్ సెట్టింగ్ చెయ్యి తిరిగిన మనిషి చేయాల్సిన పని.

అమెరికాలో టయోటా పికప్ వాళ్ళు ఇంకో పని కూడా చేస్తారు, వినండి. పాత 22ఆర్‌ఈ ఇంజిన్ పికప్‌లో ట్రాన్స్‌ఫర్ కేస్ లో రేంజ్ 2.28. వాళ్ళు దాని ముందు ఇంకో 2.28 రిడక్షన్ బాక్స్ కలుపుతారు. రెండూ లోలో వేస్తే 5.2. ఒకటే వేస్తే 2.28. మూడు మెట్లు చేతిలో ఉంటాయి. లేదా అదే కేస్‌లో 4.7 గేర్లు వేస్తారు. చూశారా, అక్కడ కూడా గేర్‌బాక్స్‌ని అలాగే ఉంచి ట్రాన్స్‌ఫర్ కేస్ మీదే పనిచేశారు.

ఆటోమేటిక్ బండి వాళ్ళకి ఒక మాట. మీకు క్లచ్ లేదు, టార్క్ కన్వర్టర్ ఉంది. కదిలేటప్పుడు అదే టార్క్‌ని కొంత పెంచి ఇస్తుంది. కాబట్టి ఎక్కేటప్పుడు తక్కువ నంబర్‌తో కూడా నడిచిపోతుంది. కానీ దిగేటప్పుడు మాన్యువల్ అంత గట్టిగా ఇంజిన్ పట్టి ఉంచదు.

ఈ దిగడం గురించే ఇప్పుడు గట్టిగా చెప్పాలి. ఎక్కడం అందరూ వీడియో తీస్తారు. మనుషులు పోయేది దిగేటప్పుడు. వెనక బస్తాలు, పక్కన ఇంట్లోవాళ్ళు, కింద తడి మట్టి. బ్రేక్ తొక్కుతూనే ఉంటే వేడెక్కి పట్టు తగ్గుతుంది. తడి మట్టి మీద చక్రం లాక్ అయితే స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు, జారుతూనే ఉంటుంది. లో గేర్‌లో ఇంజినే బండిని పట్టుకుంటుంది, నాలుగు చక్రాలూ తిరుగుతూనే ఉంటాయి, స్టీరింగ్ మన మాట వింటుంది. క్రాల్ రేషియో 26 ఉన్న బండికీ 48 ఉన్న బండికీ తేడా అక్కడ తెలుస్తుంది. ఎక్కుడులో సగంలో ఆగిపోతే కూడా అంతే. క్లచ్ నొక్కి వెనక్కి వదలకండి. బ్రేక్ పట్టి, రివర్స్ లో వేసి, క్లచ్ పూర్తిగా వదిలి, ఇంజిన్ పట్టు మీద నేరుగా వెనక్కి దిగండి. తమ్ముడూ, నీకు లో గేర్ కావాల్సింది ఎక్కడానికంటే ఎక్కువగా ఇందుకే.

ఒక జాగ్రత్త. తారు రోడ్డు మీద, గట్టి పొడి నేల మీద ఫోర్ వీల్ లో వేసి మలుపులు తిరగకండి. ముందు, వెనక షాఫ్ట్‌లు ఒకే స్పీడ్‌తో తిరగాలని కేస్ పట్టుబడుతుంది, మలుపులో చక్రాలు అలా తిరగలేవు. బిగుసుకుపోతుంది. ఘాట్ రోడ్డు మీద హై రేంజ్‌లో ఫస్ట్, సెకండ్ గేర్లతోనే దిగండి.

డబ్బు పెట్టే ముందు ఉన్నవి బాగున్నాయో లేదో చూసుకోండి. న్యూట్రల్‌లో ఐడిలింగ్‌లో గరగర వచ్చి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ లోపలి బేరింగ్‌లు అడుగుతున్నాయని అర్థం. ఏ గేర్‌లో అయినా బండి స్పీడ్‌తో పాటు పెరిగే ఊళ అయితే ట్రాన్స్‌ఫర్ కేస్, షాఫ్ట్‌లు, యాక్సిల్ వైపు చూడండి. లో రేంజ్ లివర్ తనంతట తానే బయటికి ఎగిరితే కేస్ విప్పాల్సిందే. అలాంటప్పుడు విప్పిన చేత్తోనే కిట్ వేయిస్తే ఒకే కూలీతో అయిపోతుంది. బేరింగ్‌లు, ఆయిల్ సీళ్ళు కూడా అప్పుడే కొత్తవి వేయించండి.

చివరిగా కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. కాబట్టి ఏ పని మొదలుపెట్టే ముందైనా ఆర్‌టీఓ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ వాళ్ళకి రాతపూర్వకంగా చెప్పండి. పెద్ద టైర్ కూడా ఇందులోకే వస్తుంది. ఇంట్లో అందరూ ఎక్కే బండి కాబట్టి చెప్తున్నాను. రేపు ఏదైనా జరిగితే క్లెయిమ్ దగ్గర మొదట చూసేది ఇదే.

సరే తమ్ముడూ, నీ 80 వేల మాట. గేర్‌బాక్స్ జోలికి పోకు, అది పాడవలేదని నువ్వే రాశావు. మొదట టైర్ గురించి ఆలోచించు. కంపెనీ సైజుకి దగ్గరగా వస్తే గేర్ల మీద పైసా ఖర్చు లేకుండా ఆ 18 శాతం వెనక్కి వస్తుంది, ఆర్‌సీ గొడవా తగ్గుతుంది. దాంతో ఒక నెల నడిపి చూడు. క్లచ్ వాసన ఆగిందంటే డబ్బు నీ దగ్గరే ఉంటుంది. ఆగకపోతే, కాగితాల పని చూసుకుని 4.16 కిట్, గట్టి మౌంట్లు, బేరింగ్‌లు, సీళ్ళు, మంచి కంపెనీ క్లచ్ సెట్. కొటేషన్ కాగితం మీద రాయించుకో, మొత్తం 80 దాటితే ఇంకో పంట దాకా ఆగు. సగంలో విప్పిన బండి షెడ్డులో ఉంటే తోటకి వెళ్ళేదెలా? బ్రేకుల పనికి మాత్రం ఆగొద్దు, అది రేపే చేయించు.

మిగతావాళ్ళు మీ బండి మూడు నంబర్లు, టైర్ సైజు కామెంట్‌లో పెట్టండి. ముందు మీరే గుణించి ఆన్సర్ కూడా రాయండి, తప్పుంటే నేను సరిచేస్తాను. వచ్చే ఎపిసోడ్‌లో డిఫరెన్షియల్ లాక్ గురించి మాట్లాడుకుందాం. నెమ్మదిగా దిగండి, ఉంటాను.